కార్డు మీది, డ్రైవర్ ఎవరిది?

లినక్స్‌లో ఆటల గురించి ఈ శీర్షికకు ఉత్తరాలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సపోర్ట్ ఆగిపోయాక మాత్రం బాగా పెరిగాయి. అందుకే ఈసారి పేజీలన్నీ గ్రాఫిక్స్ డ్రైవర్లకే ఇచ్చేశాను. ఒకే సందేహం చాలామంది అడిగిన చోట ఒక్క ఉత్తరమే తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, నా డెస్క్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకున్నాను. గ్రాఫిక్స్ కార్డు ఏఎండీది, ఆర్‌ఎక్స్ 6600. ఇప్పుడు డ్రైవర్ ఎక్కడ డౌన్‌లోడ్ చేసుకోవాలో అర్థం కావడం లేదు. కంపెనీ సైట్‌లో లినక్స్ ప్యాకేజీ ఒకటి కనబడింది. అది వేసుకోవాలా?
— ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: అవసరం లేదు, వేసుకోకండి. ఆటలకు కావలసిన డ్రైవర్ మీ సిస్టమ్‌లో ఇప్పటికే ఉంది. విండోస్ అలవాటు మీద సైట్లు వెతికి, దొరికిందల్లా ఎక్కించి, బాగా నడుస్తున్న సిస్టమ్‌ను పాడు చేసుకున్నవాళ్ల ఉత్తరాలు నా దగ్గర చాలా ఉన్నాయి.

లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటిది లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఉంటుంది. మీ కార్డుకు దాని పేరు ఏఎండీజీపీయూ. కార్డు మెమరీని పంచడం, కరెంటు వాడకాన్ని, వేగాన్ని అదుపు చేయడం, మానిటర్‌కు బొమ్మ పంపడం, ఆట ఇచ్చిన పనులను వరుసలో పెట్టి కార్డుకు అందించడం దాని పని. 2015లో లినక్స్ 4.2తో అది కెర్నెల్‌లో చేరింది. రెండో ముక్క పేరు మెసా. ఆట వల్కన్ భాషలోనో ఓపెన్‌జీఎల్ భాషలోనో అడిగినదాన్ని కార్డుకు అర్థమయ్యే యంత్రభాషలోకి మార్చేది ఇదే. బ్రయాన్ పాల్ అనే ఆయన 1993లో ఒక్కడే మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. అప్పట్లో ఏ కార్డుతోనూ సంబంధం లేకుండా ఓపెన్‌జీఎల్ చేసే పనిని ప్రాసెసర్ మీదే చేసి చూపించేది. ఇప్పుడు ఏఎండీ, ఇంటెల్, ఎన్విడియా కార్డులకు, ఫోన్లలో ఉండే అడ్రినో, మాలీ చిప్‌లకు, యాపిల్ చిప్‌లకు కూడా డ్రైవర్లు అందులోనే ఉన్నాయి.

కాబట్టి మీకు డ్రైవర్ అప్‌డేట్ అంటే సిస్టమ్ అప్‌డేటే. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట. కార్డు మరీ కొత్తదైతే కెర్నెల్, మెసా కూడా కొత్తవే ఉండాలి. 2025 మార్చిలో ఆర్‌ఎక్స్ 9070 వచ్చినప్పుడు మెసా 25.0 లేని లినక్స్ రకాల్లో, అంటే డిస్ట్రోల్లో అది సరిగా నడవలేదు. కొత్త కార్డు కొనేవాళ్లు తరచూ అప్‌డేట్లు ఇచ్చే డిస్ట్రో ఎంచుకోవడం మంచిది. మీ ఆర్‌ఎక్స్ 6600కు ఆ బెంగ లేదు.

ప్రశ్న: లినక్స్ వేశాను, డెస్క్‌టాప్ బాగానే ఉంది. ఆట పెడితే మాత్రం బొమ్మ నత్తనడక నడుస్తోంది, ఫ్యాన్ మోత మోగిపోతోంది. కార్డు చిన్నదేం కాదు. ఏమై ఉంటుంది?
— ఒక అకౌంటెంట్

జవాబు: ఆటలు కొని ఆడుకునే స్టీమ్ ప్రోగ్రామ్‌లో హెల్ప్ మెనూ తెరిచి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కండి. వీడియో కార్డు దగ్గర మీ కార్డు పేరుకు బదులు ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంటే, ఆట మీ గ్రాఫిక్స్ కార్డును తాకనే లేదు. బొమ్మంతా ప్రాసెసరే గీస్తోంది. ఫ్యాన్ మోత కూడా అందుకే. కెర్నెల్ డ్రైవర్ లోడ్ కాకపోవడం, కార్డు లోపల నడిచే ఫర్మ్‌వేర్ ప్యాకేజీ లేకపోవడం, ఎన్విడియా అయితే సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి సంతకం లేని డ్రైవర్ మాడ్యూల్‌ను కెర్నెల్ తిరస్కరించడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి కారణమై ఉంటుంది.

అక్కడ కార్డు పేరు సరిగానే కనబడి, ఆట అసలు తెరుచుకోకపోతే 32 బిట్ మెసా లైబ్రరీలు ఉన్నాయో లేదో చూడండి. స్టీమ్‌కూ పాత ఆటలకూ అవి కావాలి. ఇంకొక మాట. విండోస్ కాలం నాటి ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌లో ఉన్న ఆటలను అక్కడి నుంచే నడపాలని చూడకండి. లినక్స్ సొంత పద్ధతులైన ఈఎక్స్‌టీ4 లేదా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పార్టిషన్‌లోకి మార్చుకుంటే సగం తలనొప్పులు పోతాయి.

ప్రశ్న: నాది జీటీఎక్స్ 1060. ఇన్నేళ్లూ నమ్మకంగా పనిచేసింది. ఇక కొత్త డ్రైవర్లు రావని చదివాక టెన్షన్‌గా ఉంది. కార్డు బాగానే ఉన్నప్పుడు ఎందుకు మార్చాలి మేడమ్? ఓపెన్ సోర్స్ డ్రైవర్ వేసుకుంటే సరిపోదా?
— ఒక స్కూల్ టీచర్

జవాబు: మీ కార్డు ఇవాళో రేపో ఆగిపోదు, ముందు ఆ భయం వదిలేయండి. ఎన్విడియా డ్రైవర్లలో 580 సిరీస్ మ్యాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా తరాలకు చివరిది. 2016లో వచ్చిన మీ కార్డు పాస్కల్ తరానిది. 590 సిరీస్ నుంచి దానికి చోటు లేదు. మీ డిస్ట్రోలో 580 విడి ప్యాకేజీగా దొరుకుతుంటే దాన్నే వేసుకుని ఆ సిరీస్‌లోనే ఉండిపోండి. ఎప్పటికప్పుడు కొత్తవి తెచ్చే రోలింగ్ డిస్ట్రో అయితే అప్‌డేట్ నొక్కే ముందు ఎన్విడియా ప్యాకేజీ నంబరు చూసుకోండి. తెలియకుండా 590కి వెళ్తే తెరమీద డెస్క్‌టాప్ రాదు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. లినక్స్ కెర్నెల్ లోపలి ఏర్పాట్లు ప్రతి విడుదలకూ కొంత మారుతుంటాయి. కెర్నెల్‌లోనే ఉన్న డ్రైవర్లను ఆ మార్పు చేసినవాళ్లే సరిచేస్తారు. అది అక్కడి ఆచారం. బయట ఉన్న డ్రైవర్‌ను మాత్రం దాన్ని రాసిన కంపెనీయే సరిచేయాలి. కంపెనీ చేతులు దులుపుకున్న రోజున, ఆ డ్రైవర్ ఏ కెర్నెల్ దాకా కలుస్తుందో మీ కంప్యూటర్ అక్కడే ఆగిపోవాలి.

ఓపెన్ సోర్స్ డ్రైవర్ సంగతి అడిగారు. ఉంది, పేరు నూవో. 2005లో మొదలైంది. కంపెనీ ఒక్క కాగితం ఇవ్వకపోయినా కార్డులో రిజిస్టర్లు అనే చిన్న గడుల్లో ఏం రాస్తే ఏం జరుగుతోందో గమనిస్తూ, ముక్కముక్కగా అర్థం చేసుకుంటూ రాశారు. 2010లో 2.6.33 కెర్నెల్‌లోకి చేరింది. మ్యాక్స్‌వెల్‌కు ముందున్న కెప్లర్ తరం వరకు దారి కష్టమే అయినా తెరిచే ఉండేది. 2014లో జీటీఎక్స్ 900 సిరీస్ వచ్చినప్పుడు తలుపు మూతపడింది. కార్డు లోపలి చిన్న ప్రాసెసర్లలో నడిచే ఫర్మ్‌వేర్ మీద ఎన్విడియా డిజిటల్ సంతకం ఉంటేనే కార్డు ఒప్పుకుంటుందనే ఏర్పాటు అప్పుడు వచ్చింది. బొమ్మ గీయడానికి కావలసిన ఫర్మ్‌వేర్‌ను సంతకం చేసి కొంత ఆలస్యంగా ఇచ్చారు. కార్డు వేగాన్ని పెంచే ఫర్మ్‌వేర్ మాత్రం నూవో వాడుకోగల రూపంలో రానే లేదు. దాంతో నూవో మీద మీ జీటీఎక్స్ 1060 ఆన్ చేసినప్పుడున్న తక్కువ వేగంలోనే ఉండిపోతుంది. డెస్క్‌టాప్‌కు, వీడియోలకు చాలు. ఆటలకు చాలదు. నూవో రాసినవాళ్లకు పని తెలియక కాదు, తాళంచెవి వాళ్లకు ఇవ్వలేదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఏఎండీ రేడియాన్ హెచ్‌డీ 7970 మార్కెట్లోకి వచ్చింది 2012 జనవరిలో. మీ కార్డు కంటే నాలుగేళ్లు పెద్దది. విండోస్‌లో ఆ తరానికి ఏఎండీ 2021లోనే మామూలు డ్రైవర్లు ఆపేసింది. లినక్స్‌లో అది రేడియాన్ అనే పాత కెర్నెల్ డ్రైవర్ మీద నడుస్తుండేది. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ కోసం పనిచేసే టిమూర్ క్రిస్టోఫ్ అనే డెవలపర్ ఆ తరం కార్డుల్లో మిగిలిపోయిన లోపాలను ఓపికగా సరిచేసుకుంటూ వచ్చారు. లినక్స్ 6.19 నుంచి అవి మామూలుగానే ఏఎండీజీపీయూ కిందికి వచ్చాయి. దాంతో ఏ సెట్టింగూ మార్చకుండానే వాటికి వల్కన్ దొరికింది. పుట్టి పద్నాలుగేళ్లయిన కార్డుకు, తయారుచేసిన కంపెనీ వదిలేశాక, బయటివాళ్లు కొత్త డ్రైవర్ అందించారు. సోర్స్ కోడ్ అందరి చేతిలో ఉంది కాబట్టే ఇది సాధ్యమైంది. ఓపెన్ సోర్స్ వల్ల మామూలు మనిషికి ఏం ఒరుగుతుందని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ కార్డు గురించే చెబుతాను.

నేను వాడేది ఆర్‌ఎక్స్ 580. 2017 నాటిది. దాని వయసు గురించి నాకు దిగులు లేదు. కార్డు కాలిపోతే కాలిపోవచ్చు, డ్రైవర్ లేక మూలపడదు.

మీకు నా సలహా ఇది. ఎన్విడియా 580 సిరీస్ డ్రైవర్ నడిచినంత కాలం నడవనివ్వండి. పనిచేసే వస్తువును పారేయమని నేను చెప్పను. తర్వాత కొనేటప్పుడు మాత్రం ఎన్ని ఫ్రేములు వస్తాయన్న ప్రశ్న పక్కనే, దీని డ్రైవర్ కెర్నెల్‌లో, మెసాలో ఉందా అన్న ప్రశ్న కూడా వేసుకోండి.

ప్రశ్న: ఎన్విడియా కూడా డ్రైవర్లను ఓపెన్ సోర్స్ చేసేసిందని మా అన్నయ్య అంటున్నాడు. ఇంకా ఏఎండీకీ దానికీ తేడా ఏముంది?
— ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని

జవాబు: మీ అన్నయ్య చెప్పినదాంట్లో సగం నిజం. పైన రెండు ముక్కలు అన్నాను కదా, 2022 మేలో ఎన్విడియా తెరిచింది మొదటి ముక్కను, అంటే కెర్నెల్ మాడ్యూళ్లను. అదీ పాస్కల్ తర్వాత వచ్చిన ట్యూరింగ్ తరం నుంచి మాత్రమే. ఇప్పటి బ్లాక్‌వెల్ కార్డులు ఆ ఓపెన్ మాడ్యూళ్లతో తప్ప నడవవు. అయితే వల్కన్, ఓపెన్‌జీఎల్ పని చేసే రెండో ముక్క మూసే ఉంది. తెరిచిన మాడ్యూళ్లు కూడా లినక్స్ కెర్నెల్‌లో లేవు, కంపెనీ వాటిని బయటే ఉంచి నడుపుతోంది. అందుకే జీటీఎక్స్ 1060 వాళ్లకు వచ్చిన కష్టం రేపు ఎన్విడియా కొత్త ఆర్‌టీఎక్స్ కార్డులవాళ్లకు రాదని ఆ ఒక్క ప్రకటన చూసి చెప్పలేం.

అయినా ఆ రోజును నేను చిన్నచూపు చూడను. ట్యూరింగ్ నుంచి కార్డు లోపల జీఎస్‌పీ అనే రిస్క్-వీ ప్రాసెసర్ ఉంది. వేగం, కరెంటు సంగతులన్నీ అందులో నడిచే ఫర్మ్‌వేర్ చూసుకుంటుంది. ఆ ఫర్మ్‌వేర్‌ను అందరికీ పంచుకునే వీలు ఇవ్వడంతో నూవోకు ఇన్నేళ్లూ దొరకని తాళంచెవి దొరికినట్లయింది. అందుకే ట్యూరింగ్ తరానికి చెందిన జీటీఎక్స్ 1650 వాడేవాళ్లది ఒక కథ, 1060 వాడేవాళ్లది ఇంకొక కథ.

అసలు ఆశ పెట్టుకోవాల్సింది ఎన్‌వీకే మీద. అది మెసాలో ఎన్విడియా కార్డులకు రాసిన వల్కన్ డ్రైవర్. ఫెయిత్ ఎక్‌స్ట్రాండ్, కరోల్ హెర్బ్స్ట్, డేవ్ ఎయిర్లీ కలిసి మొదలుపెట్టారు. 2022లో ప్రకటించారు, 2023లో మెసాలో చేరింది. మెసా 25.1 నుంచి ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డుల మీద నూవో వాడేవాళ్లకు ఓపెన్‌జీఎల్ కూడా జింక్ అనే పొర ద్వారా దీని మీదే నడుస్తోంది. కెర్నెల్ వైపు రస్ట్ భాషలో నోవా అనే కొత్త డ్రైవర్ రాస్తున్నారు. దాని తొలి భాగం 2025లో లినక్స్ 6.15తో చేరింది.

ఇవాళ ఆటల కోసం ఎన్‌వీకే వాడమంటారా అని అడిగితే, పెద్ద ఆటలకు ఇంకా కంపెనీ డ్రైవరే వేగం. ఎన్విడియా కార్డు ఇప్పటికే ఉంటే అదే వాడండి. పాత ఆటలు, చిన్న ఆటలు ఆడేవాళ్లు ఎన్‌వీకే వేసి చూసి, ఎక్కడ తేడా వచ్చిందో రిపోర్ట్ చేస్తే దానికి మేలు.

ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. 2024లో యాపిల్ ఎం1 చిప్‌కు లినక్స్‌లో వల్కన్ డ్రైవర్ అవసరమైంది. అలిస్సా రోజన్‌జ్వేగ్ ఎన్‌వీకే కోడ్‌ను తీసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టి, ఒక్క నెలలో వల్కన్ 1.3 ప్రమాణాన్ని అందుకున్నారు. ఎన్విడియా కార్డు కోసం పడిన శ్రమ యాపిల్ ల్యాప్‌టాప్‌కు అక్కరకొచ్చింది. మూసిపెట్టిన డ్రైవర్లలో ఇలాంటిది ఎన్నటికీ జరగదు.

ప్రశ్న: విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ ఎమ్యులేటరా? విండోస్ ఆట లినక్స్‌లో విండోస్ కంటే వేగంగా నడిచిందని కొందరు చెబుతుంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఇంకో సందేహం, కొత్త ఆట మొదటిసారి ఆడేటప్పుడు మధ్యమధ్యలో జెర్క్ ఇస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. ఎందుకని?
— ఒక వెబ్ డిజైనర్

జవాబు: మామూలు పీసీలో అది ఎమ్యులేటర్ కాదు. ఆటలోని ప్రాసెసర్ ఆదేశాలు నేరుగా మీ ప్రాసెసర్ మీదే నడుస్తాయి. ఆట విండోస్‌ను అడిగే పనులను వైన్ చేసిపెడుతుంది. ఇది 1993లో మొదలైన ప్రాజెక్ట్. ఆట విండోస్ గ్రాఫిక్స్ భాష అయిన డైరెక్ట్ఎక్స్‌లో అడిగేదాన్ని డీఎక్స్‌వీకే, వీకేడీ3డీ-ప్రోటాన్ అనేవి వల్కన్‌లోకి మారుస్తాయి. వీటన్నిటినీ ఒక మూటగా కట్టినదే ప్రోటాన్. వాల్వ్ దాన్ని తొలిసారి 2018 ఆగస్టులో విడుదల చేసింది. డీఎక్స్‌వీకే రాసిన ఫిలిప్ రేబోలేను వాల్వ్ అంతకుముందే తన ఖర్చుతో ఆ పనిలో ఉంచింది.

జెర్క్ సంగతికి వద్దాం. నీటి మెరుపు, నీడ, పొగ ఎలా కనబడాలో చెప్పే చిన్న చిన్న ప్రోగ్రాములను షేడర్లు అంటారు. ఆటతో పాటు అవి ఏ కార్డుకూ చెందని మధ్యరకం కోడ్‌గా వస్తాయి. మీ కార్డు యంత్రభాషలోకి వాటిని మార్చాల్సింది డ్రైవరే. ఆట నడుస్తుండగా కొత్త షేడర్ అవసరమైతే, అది మారేంతవరకు బొమ్మ ఆగుతుంది. ఒకసారి మారాక దాచిపెట్టుకుంటుంది కాబట్టి రెండోసారి ఆ ఇబ్బంది ఉండదు. స్టీమ్ ముందే షేడర్లు దించుకోవడం కూడా అందుకే.

ఇక్కడే ఓపెన్ డ్రైవర్ల కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఉంది. 2016లో వల్కన్ వచ్చినప్పుడు ఏఎండీ తన వల్కన్ డ్రైవర్‌ను త్వరలో ఓపెన్ చేస్తామంది. చెప్పింది గానీ ఆలస్యమైంది. అప్పుడు డేవ్ ఎయిర్లీ, బాస్ న్యూవెన్‌హౌజెన్ ఇద్దరూ ఏఎండీ కోసం ఎదురుచూడకుండా మెసాలోనే ఆర్‌ఏడీవీ అనే డ్రైవర్ మొదలుపెట్టారు. ఇద్దరిలో ఎవరూ ఏఎండీ ఉద్యోగి కాదు. ఏఎండీ తన డ్రైవర్‌ను తెరిచేసరికి 2017 డిసెంబర్ అయింది. అప్పటికే జనం ఆర్‌ఏడీవీకి అలవాటు పడ్డారు.

ఆర్‌ఏడీవీ షేడర్లను మార్చడానికి ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్‌ను వాడేది. అది పెద్దది, అన్ని రకాల ప్రోగ్రాముల కోసం తయారైంది, ఆటల తొందరకు సరిపడదు. వాల్వ్ మనుషులు కూర్చుని ఆటల షేడర్ల కోసమే ఏకో అనే కొత్త కంపైలర్ రాశారు. 2019లో ప్రకటించారు, 2020లో మెసా 20.2తో ఆర్‌ఏడీవీకి అదే మామూలు కంపైలర్ అయింది. షేడర్లు మారే సమయం బాగా తగ్గింది, చాలా ఆటల్లో ఫ్రేములూ పెరిగాయి. ఒక ఆటల దుకాణం నడిపే కంపెనీ ఇంకొక కంపెనీ కార్డుకు కంపైలర్ రాసిపెట్టిందంటే, కోడ్ తెరిచి ఉంది కాబట్టే. మీరు నమ్మలేకపోతున్న వేగానికి ఒక పెద్ద కారణం ఇదే. అన్ని ఆటల్లోనూ అలా ఉండదు, కాంతి దారులను లెక్కగట్టే రే ట్రేసింగ్ ఎక్కువగా ఉన్న ఆటల్లో విండోస్ ముందున్న సందర్భాలు ఇప్పటికీ ఉన్నాయి.

చివరికి 2025లో ఏఎండీ తన సొంత ఓపెన్ వల్కన్ డ్రైవర్ పనిని ఆపేసి, ఇకపై ఆర్‌ఏడీవీకే మద్దతిస్తామని చెప్పింది. బయటివాళ్లు మొదలుపెట్టిన డ్రైవర్‌ను కంపెనీయే తనదిగా ఒప్పుకుంది. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా పండుగలా అనిపించింది.

కెర్నెల్‌లోనూ పని జరిగింది. విండోస్ ఆటల్లో ఒకేసారి నడిచే చాలా పనులు, అంటే థ్రెడ్లు, ఒకదానికోసం ఒకటి ఆగే పద్ధతి లినక్స్‌కు సహజంగా లేదు. దానికోసం ఎన్‌టీసింక్ అనే భాగం 2025లో లినక్స్ 6.14తో వచ్చింది.

నాకున్న ఒక బెంగ కూడా చెబుతాను. ఈ పనిలో చాలా భాగానికి జీతాలిస్తున్నది వాల్వ్. 2022 ఫిబ్రవరిలో వచ్చిన, లినక్స్‌తో నడిచే తన చేతి ఆటల కంప్యూటర్ స్టీమ్ డెక్ అమ్ముకోవాలి కాబట్టి ఇస్తోంది, అందులో తప్పేం లేదు. రాసిన కోడ్ ఎక్కడికీ పోదు, మెసాలోనే ఉంటుంది. కానీ రేపు వచ్చే కార్డులకు, రేపు వచ్చే ఆటలకు ఎవరో ఒకరు రోజూ కూర్చుని రాయాలి. ఆ మనుషుల్లో ఎక్కువమందికి ఒకే కంపెనీ జీతమివ్వడం మంచిది కాదు. ఆటలు తయారుచేసే సంస్థలు కూడా మెసా వాళ్లకు ఒకరిద్దరి జీతమైనా భరిస్తే బాగుంటుందని నా కోరిక.

ప్రశ్న: మేడమ్, నేను టెన్త్ చదువుతున్నాను. లినక్స్ వేసుకుంటే ఫోర్ట్‌నైట్, వాలరెంట్ రావడం లేదు. డ్రైవర్ మారిస్తే వస్తాయా?

జవాబు: రావమ్మా. నీ డ్రైవర్‌లో ఏ లోపమూ లేదు. ఆ ఆటల్లో మోసం చేసేవాళ్లను పట్టుకోవడానికి యాంటీ చీట్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. వాలరెంట్‌లో ఉండే వ్యాన్‌గార్డ్ విండోస్ కెర్నెల్ లోపల కూర్చుంటుంది. లినక్స్‌లో ఆ కెర్నెలే లేదు కదా. ఫోర్ట్‌నైట్ సంగతి వేరు. అది వాడే ఈజీ యాంటీ చీట్‌కు 2021లోనే ప్రోటాన్‌తో పనిచేసే వీలు కల్పించారు. బ్యాటిల్‌ఐ అనే ఇంకో యాంటీ చీట్‌కు కూడా అదే ఏడాది ఆ వీలు వచ్చింది. దాన్ని ఆన్ చేయాలా వద్దా అన్నది ఒక్కో ఆట కంపెనీ ఇష్టం. ఫోర్ట్‌నైట్ వాళ్లు ఆన్ చేయలేదు. ఏపెక్స్ లెజెండ్స్ మొదట్లో నడిచేది, 2024 అక్టోబర్ చివర్లో లినక్స్‌ను ఆపేశారు. మోసాలు ఎక్కువగా అటు నుంచే వస్తున్నాయన్నది వాళ్లు చెప్పిన కారణం.

మోసం చేసేవాళ్ల వల్ల ఆట పాడవుతుందన్నది నిజం. దానికి విరుగుడు ఆటగాడి కంప్యూటర్ కెర్నెల్‌లో కూర్చోవడం అంటే మాత్రం నేను ఒప్పుకోను. సర్వర్ దగ్గరే అనుమానాస్పద ఆటను పట్టుకునే దారులున్నాయి. వాటికి ఖర్చు, ఓపిక కావాలి. స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా 2025 అక్టోబర్‌లో తొలిసారి 3 శాతం దాటింది. అది ఇంకా పెరిగితే కంపెనీలు మళ్లీ లెక్కలు వేసుకోక తప్పదు.

నువ్వు ఆడాలనుకునే ఆన్‌లైన్ ఆట లినక్స్‌లో నడుస్తుందో లేదో సిస్టమ్ మార్చకముందే చూసుకోవాలి. ఆ రెండు ఆటలు లేనిదే నీకు గడవదంటే విండోస్‌ను విడి డిస్క్‌లో ఉంచుకో, అందులో తప్పేం లేదు. సెలవుల్లో తీరికగా లినక్స్ నేర్చుకో.

ప్రశ్న: ఏఎండీ కార్డును హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపాను. 4కె వస్తోంది గానీ 120 హెర్ట్జ్ పెడితే అక్షరాల అంచులు రంగులు కారినట్టు ఉంటున్నాయి. కేబుల్ మార్చినా అంతే.
— ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: కేబుల్ తప్పు కాదండీ. 4కెలో 120 హెర్ట్జ్ పూర్తి రంగులతో రావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 కావాలి. ఏఎండీ తన ఓపెన్ డ్రైవర్‌లో దాన్ని పెట్టాలని కోడ్ కూడా సిద్ధం చేసుకుంది. ఆ ప్రమాణం వివరాలు బయటపడతాయని హెచ్‌డీఎంఐ ఫోరం 2024లో ఒప్పుకోలేదు. అందువల్ల మీకు 2.0 హద్దులే దొరుకుతున్నాయి, రంగుల సమాచారం తగ్గించి 120ని ఇరికిస్తున్నారు. మీ డబ్బు పెట్టి కొన్న కార్డుకూ, మీ డబ్బు పెట్టి కొన్న టీవీకీ మధ్య ఒక కమిటీ అడ్డం నిలబడటం చాలా అన్యాయం. మానిటర్ అయితే డిస్‌ప్లేపోర్ట్ వాడండి, ఏ సమస్యా ఉండదు. టీవీకి ఆ పోర్ట్ ఉండదు కాబట్టి డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ 2.1కి మార్చే యాక్టివ్ అడాప్టర్ ప్రయత్నించవచ్చు. వాపసు తీసుకునే చోటే కొనండి, అన్ని అడాప్టర్లూ అన్ని టీవీలతో కుదరవు. లేదంటే 60 హెర్ట్జ్‌లో పెట్టుకోండి, అక్షరాలు శుభ్రంగా కనబడతాయి.

ప్రశ్న: సీ భాష కొంత వచ్చు, డ్రైవర్లు రాసేంత తెలివి లేదు. అయినా ఈ పనికి నా వంతు సాయం చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక ఎంసీఏ విద్యార్థి

జవాబు: తెలివి లేదన్న మాట తీసేయండి. పైన చెప్పిన అలిస్సా రోజన్‌జ్వేగ్ మాలీ చిప్‌ల లోగుట్టు విప్పడం మొదలుపెట్టింది స్కూల్లో చదువుకునే వయసులో. ఇప్పుడు మెసాలో దాదాపు అన్ని డ్రైవర్లకూ ఆధారమైన నిర్ అనే షేడర్ రూపాన్ని కానర్ అబాట్ ఇంటెల్‌లో ఇంటర్న్‌గా ఉన్నప్పుడు రాశారు.

మొదటి మెట్టు కోడ్ రాయడం కాదు, మంచి బగ్ రిపోర్ట్ రాయడం. ఒకసారి అప్‌డేట్ తర్వాత నేను ఆడే ఆటలో చెట్ల నీడలు మినుకుమినుకుమనడం మొదలైంది. పాత మెసా వేస్తే బాగుంది, కొత్తది వేస్తే మళ్లీ అదే. ఆ రెండింటి మధ్య ఉన్న మార్పులను గిట్ బైసెక్ట్‌తో సగం సగం చేసుకుంటూ వెళ్లి, గొడవ తెచ్చిన ఒక్క మార్పును పట్టుకున్నాను. దాన్ని రాసిన డెవలపర్ ఆ సన్నివేశాన్ని రెండర్‌డాక్‌తో రికార్డ్ చేసి పంపమన్నాడు. పంపాను. తర్వాతి చిన్న విడుదలలోనే సరిచేశారు. నేను ఒక్క లైన్ కోడ్ రాయలేదు. అయినా ఆ కార్డుతో ఆ ఆట ఆడే ప్రతి ఒక్కరికీ నీడలు సరిగ్గా వచ్చాయి.

రిపోర్ట్‌లో కార్డు పేరు, కెర్నెల్ వెర్షన్, మెసా వెర్షన్, ఆట పేరు, ఏ సెట్టింగ్‌లో వస్తోంది, ఏ వెర్షన్ దాకా బాగుంది, ఇవన్నీ రాయండి. ఆట ఆడటం లేదు, ఏదో ఒకటి చేయండి అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ప్రోటాన్ వల్ల వచ్చిందో, డ్రైవర్ వల్ల వచ్చిందో మీకు తేలకపోతే ఆ మాటే రాయండి, వాళ్లు దారి చూపిస్తారు.

కోడ్ వైపు వెళ్లాలనుకుంటే మెసాను మీ సొంత ఫోల్డర్‌లో బిల్డ్ చేసుకోవడం నేర్చుకోండి. సిస్టమ్‌లో ఉన్నదాన్ని కదిలించకుండానే, ఒక్క ఆటకు మాత్రం మీ బిల్డ్ వాడుకునే వీలుంది. తర్వాత ఒక చిన్న షేడర్ తీసుకుని, అది నిర్‌గా ఎలా మారుతోందో, చివరికి ఏకో దాన్ని ఏ ఆదేశాలుగా మారుస్తోందో అచ్చువేసి చూడండి. ఆర్‌ఏడీవీలో దానికి డీబగ్ ఆప్షన్లు ఉన్నాయి. నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లకు రాత్రి ఎప్పుడు తెల్లవారిందో తెలియదు. మీ కార్డు ఏదో, డిస్ట్రో ఏదో రాసి పంపండి. బిల్డ్ చేసే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా వచ్చే సంచికలో ఇస్తాను.